ఆషాఢంలో ఏది మేలు: అండమానా, ట్రింకోమలీయా?

నేను తిరుపతిలో పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని. అందరికీ సెలవులుండే ఏప్రిల్, మే నెలల్లో నాకు ఊపిరి సలపదు, ఆషాఢం వచ్చి ముహూర్తాలు ఆగిపోతేనే ఇంట్లోవాళ్లకి కనబడతాను. కాబట్టి మేం ఏ దీవికి వెళ్లినా అది జూలైలోనే, అంటే పక్కా ఆఫ్ సీజన్‌లోనే. ఒక ఏడాది అండమాన్, మరుసటి ఏడాది శ్రీలంకలోని ట్రింకోమలీ వెళ్లొచ్చాం. రెండింటికీ చెన్నై దాకా కారు, అక్కణ్ణుంచి విమానం. లక్షద్వీప్ గురించి కూడా అడుగుతారు గానీ, పర్మిట్ కావాలి, వానాకాలంలో కొచ్చి నుంచి ఓడ ప్యాకేజీలు మామూలుగా నడవవు, దాన్ని పక్కన పెట్టేయండి.

అండమాన్‌కి పాస్‌పోర్ట్ అక్కర్లేదు, రెండుంబావు గంటల్లో పోర్ట్ బ్లెయిర్‌లో దిగుతాం (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం, కానీ ఆటోవాళ్ల నోట్లో ఇంకా పాత పేరే). గదులు మాత్రం నిజంగానే చవక. హ్యావ్‌లాక్ దీవిలో సీజన్‌లో ఐదు వేలు చెప్పే గది మాకు 2,200కి ఇచ్చారు, పైగా పెద్ద గది. రేకుల కప్పు మీద రాత్రంతా వాన, పొద్దున లేస్తే గుమ్మం ముందు ఇసుకలో శంఖాలు వీపున మోసుకుంటూ చిన్న చిన్న ఎండ్రకాయలు నడుస్తున్నాయి. మా పాప వాటి దగ్గర కూర్చుని టిఫిన్‌కి కూడా రాలేదు. సాయంత్రం ఆరింటికల్లా చీకటి పడిపోతుంది, మనకంటే అంత తూర్పున ఉండి మన గడియారమే వాడుతున్నారు మరి.

ఇక సముద్రం సంగతి. రాధానగర్ బీచ్ పడమటి వైపుంది, నైరుతి గాలి నేరుగా దాని మీదికే వస్తుంది. మేమున్న రెండు రోజులూ ఎర్రజెండా, మోకాలి లోతు దాటనివ్వలేదు. స్కూబా అన్నారు, నీళ్లు కలకబారి ఉన్నాయి, డబ్బులు దండగని మానేశాం. మూడో రోజు పోర్ట్ బ్లెయిర్‌కి తిరిగొచ్చే ఫెర్రీ రద్దు. అలలు ఎక్కువగా ఉంటే పడవలు వదలరు, అది న్యాయమే, కానీ మర్నాడు పొద్దున మా విమానం! గదుల్లో మిగుల్చుకున్నదంతా కొత్త టికెట్లకి పోయింది, పైన ఇంకాస్త కూడా.

శ్రీలంకలో కిటుకేంటంటే, ఒకే దీవికి రెండు వానాకాలాలు. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి తీరాన ఉన్న గాల్, బెంటోట, మిరిస్స ఊళ్ల వైపు వాన, అదే సమయంలో తూర్పున ట్రింకోమలీ, నీలావెలి పొడిగా ఉంటాయి. అందుకే ఇంటర్నెట్‌లో "శ్రీలంక ఆఫ్ సీజన్ ధరలు" అని కనిపించేవి ఎక్కువగా పడమటి తీరానివి, చవకే గానీ నీళ్లలో దిగలేం. నీలావెలిలో జూలై అంటే సీజనే, గది ధర తగ్గదు, మేం బేరమాడినా నవ్వి ఊరుకున్నారు. కానీ సముద్రం చెరువులా ఉంది, అమ్మ కూడా చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడుం లోతు దాకా వెళ్లింది. మన రూపాయికి అక్కడివి మూడుకు పైగా వస్తాయి కాబట్టి తిండికి పెద్దగా ఖర్చవలేదు. ఇడియాప్పం, కొబ్బరి పచ్చడి, చేపల పులుసు. అక్కడ తమిళం నడుస్తుంది, మన చిత్తూరు వైపు వాళ్లకి ఇంకేం కావాలి, అమ్మ ఆటో బేరం కూడా తనే చేసింది.

ట్రింకోమలీలో కోణేశ్వరం శివుడి గుడి సముద్రం మీదికి వేలాడే కొండపైన ఉంటుంది, దారిలో జింకలు తిరుగుతుంటాయి. పోర్చుగీసువాళ్లు 1620ల్లో పాత గుడిని కూల్చి ఆ రాళ్లతో కోట కట్టుకున్నారట. దీన్ని కూడా దక్షిణ కైలాసం అంటారని తెలిసి అమ్మకి కోపం వచ్చింది, "మన కాళహస్తి ఉండగా ఇంకోటేంది?" అని. దర్శనమయ్యాక ఏమీ అనలేదు.

ఇబ్బందులు లేవని కాదు. కొలంబో నుంచి ట్రింకోకి కార్లో ఆరు గంటలు. ఈటీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) ముందే పెట్టుకోవాలి, దాని ఫీజు నిబంధనలు మారుతుంటాయి, అప్లై చేసే రోజే చూసుకోండి. సిగిరియా రాతికోట లాంటి చోట్ల విదేశీయులకి టికెట్ డాలర్లలో, అక్కడ జేబు చిల్లే. ఎండ కూడా గట్టిదే, "తిరుపతి ఎండ వదిలి ఇంకో ఎండలోకి తెచ్చావ్" అని మా ఆవిడ రెండు రోజులు దెప్పింది.

మొత్తం లెక్క వేస్తే శ్రీలంకకే కాస్త ఎక్కువైంది, ఆ కొత్త టికెట్లు కలిపితే మాత్రం అండమానే ఖరీదు. పెద్దవాళ్లు, పిల్లలు ఉండి, తిరుగు తేదీ మార్చలేనివాళ్లయితే జూలైలో ట్రింకోమలీకే నా ఓటు. పాస్‌పోర్ట్ లేకపోయినా, వానలో ఊరికే కూర్చోవడం ఇష్టమైనా అండమాన్ వెళ్లండి, కానీ హ్యావ్‌లాక్, నీల్ దీవులు ముందు చూసేసి, విమానానికి రెండు రోజుల ముందే పోర్ట్ బ్లెయిర్‌కి వచ్చేయండి. సెల్యులార్ జైలు ఆ చివరి రోజుకి ఉంచుకోండి, దానికి పడవతో పనిలేదు.