ఓమ్రాన్ హెచ్‌ఈఎం-7120: మిషన్‌కి వంక పెట్టలేం, కఫ్ దగ్గరే జాగ్రత్త

విజయవాడ గవర్నర్‌పేటలో గానీ గుంటూరు కొత్తపేటలో గానీ బీపీ మిషన్ కొనేవాళ్లు ధర అడుగుతారు, వారంటీ అడుగుతారు. చెయ్యి కొలుచుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఈ మోడల్‌తో వచ్చే కఫ్ (చేతికి చుట్టే గాలి పట్టీ) 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికే. షాపుకి వెళ్లే ముందే భుజం ఎముక కొసకీ మోచేతికీ నడుమ దర్జీ టేపు చుట్టి చూడండి. 34 వచ్చిందా, ఆ కఫ్ మీకు పనికిరాదు. వెల్క్రో ఎలాగో అంటుకుంటుంది కాబట్టి సరిపోయిందనే అనుకుంటాం. కానీ చేతికి చిన్నదైన కఫ్ బీపీని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, లేని జబ్బుకి మాత్ర మొదలవుతుంది. 32-42 సైజు కఫ్ విడిగా వస్తుంది, బిల్లు వేయకముందే అడగండి. బక్కపలచటి పెద్దవాళ్లకి ఇది తిరగబడుతుంది, చేతికి మించి పెద్దదైన కఫ్ తక్కువ చూపిస్తుంది.

పెట్టె మీద ‘ప్లస్ ఆర్ మైనస్ 3’ చూసి మురిసిపోకండి. అది కఫ్‌లోని గాలి ఒత్తిడిని కొలవడంలో తేడా, మీ బీపీలో కాదు. చేతిలోని రక్తనాళం కొట్టుకున్నప్పుడు కఫ్ గాలిలో వచ్చే సన్నటి కుదుపులను పట్టి మిషన్ బీపీని లెక్కగడుతుంది. అందుకే మధ్యలో మాట్లాడినా, వేళ్లు కదిపినా అంకె మారిపోతుంది. గుండె లయ తప్పితే తెర మీద గుర్తు వస్తుంది. అది పదేపదే వస్తుంటే ఈసీజీ తీయించుకోవాల్సిందే.

కఫ్ కింది అంచు మోచేతి మడతకి ఒకటి రెండు సెంటీమీటర్లు పైన, గొట్టం చేతి లోపలి వైపు ఉండాలి. బిగుతు జాకెట్టు చేతుల్ని పైకి మడిచి దాని కింద కఫ్ కట్టడం మన ఇళ్లలో మామూలే. ఆ మడతే చేతిని నొక్కేసి కొలత చెడగొడుతుంది, చెయ్యి బయటికి తీసేయడమే మేలు. మంచం మీద కాకుండా వీపు ఆనే కుర్చీలో, కాళ్లు నేలకి ఆనించి అయిదు నిమిషాలు కూర్చోండి. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. పది సెంటీమీటర్లు కిందికి జారితే ఏడెనిమిది పాయింట్లు పెరుగుతాయి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాసుకోండి. ఇంట్లో సగటు 135/85 దాటుతూ ఉంటే డాక్టరుకి చూపించాలి. ఇందులో తేదీ, టైమ్ ఉండవు, నోటుపుస్తకం తప్పదు.

సెల్స్ నాలుగు, డబుల్ ఏ. ఆల్కలైన్‌వే వేయండి. ఛార్జింగ్ సెల్స్ ఒక్కోటి 1.2 వోల్టులే కాబట్టి ఆరు రావాల్సిన చోట 4.8 వస్తుంది. మిషన్ 40 డిగ్రీల వేడి వరకే పనిచేసేలా చేసింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లో కిటికీ పక్కన, కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి.

మణికట్టు మిషన్ల జోలికి పోవద్దు, చెయ్యి ఎత్తు కాస్త మారినా అంకె మారుతుంది.

సుగర్ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. కాళ్ల రక్తనాళాల సంగతి ఈ మిషన్ చెప్పదు. దానికి డాప్లర్‌తో (రక్త ప్రవాహాన్ని శబ్దంతో పట్టే పరికరం) ఏబీఐ అనే పరీక్ష చేయించాలి: చీలమండ దగ్గర కొలిచిన బీపీలోని పై అంకెని (సిస్టాలిక్) చేతి దగ్గర కొలిచిన పై అంకెతో భాగిస్తారు. 0.90 లేదా అంతకు తక్కువైతే నాళం మూసుకుపోతోందని అనుమానం. 1.40 దాటినా సంతోషించకూడదు, గోడలు గట్టిపడి కఫ్‌కి నొక్కుకోవడం లేదన్నమాట. అప్పుడు కాలి బొటనవేలి దగ్గర ఒత్తిడి చూస్తారు. ఇంటి కఫ్‌ని కాలికి చుట్టి ఈ లెక్క వేయకండి. నాళం మూసుకుపోయిన కొద్దీ ఆ అంకెని నమ్మలేం.