మంచు కరిగే వేళ, మెళ్లో 8×42 బైనాక్యులర్స్: రెండు సీజన్లు వాడాక నా రివ్యూ

మార్చి నెలాఖరులో మిన్నెసోటా ఉత్తరాన బెమిడ్జి సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంటుంది. మిసిసిపీ నది నీళ్లు కదులుతుండే చోట మాత్రం కాస్త మంచు విడుస్తుంది. దక్షిణం నుంచి ముందుగా వచ్చేసిన బాతులన్నీ ఆ కాసిని నీళ్లలోనే సర్దుకుంటాయి. హాస్పిటల్లో నైట్ డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేముందు అక్కడ అరగంట ఆగడం నాకు నాలుగేళ్లుగా అలవాటు.

మొదట కొన్నది 10×50. అంకె పెద్దదైతే పక్షి అంత దగ్గరగా కనిపిస్తుంది కదా అనుకున్నాను. కనిపించింది, కానీ కుదురుగా నిలిస్తే కదా! చలికి చేతులు వణుకుతుంటే ఆ వణుకు కూడా పదింతలవుతుంది. పైగా బరువు. రెండో ఏడాది లోపలి అద్దాలకే ఆవిరి పట్టింది, తుడుద్దామంటే చెయ్యి పోదు. అమ్మిన షాపుకి మూడు మెయిల్స్ పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసినవి ఉంటాయని, మాలాంటి చలి ప్రాంతాలకి అవే కావాలని అప్పుడు తెలిసింది.

ఇప్పుడున్నది అలాంటిదే, 8×42. ఎనిమిది అంటే ఎన్నింతలు పెద్దగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో. 42ని 8తో భాగిస్తే 5.25 వస్తుంది. కంటి దగ్గరికి చేరే వెలుతురు వలయం వెడల్పు అది. 10×42లో అయితే 4.2 మిల్లీమీటర్లే. మిట్టమధ్యాహ్నం ఈ తేడా తెలియదు. మబ్బు పట్టిన ఉదయం, బూడిదరంగు నీళ్ల మీద ముదురు రంగు బాతుని వెతుకుతున్నప్పుడు తెలుస్తుంది.

నాకిది ఎందుకంత నచ్చిందో చెప్పాలంటే గోల్డెన్‌ఐ బాతు గురించి చెప్పాలి. మగదానికి చెంప మీద గుండ్రటి తెల్ల మచ్చ, పసుపు కన్ను. ఆడదాని ముందు తల వెనక్కి విరిచేసి వీపుకి ఆనించి, ముక్కు నిటారుగా పైకెత్తి ఒక్క అరుపు అరుస్తుంది. ఆ వెంటనే కాళ్లతో నీళ్లు చిమ్ముతుంది. అంతా చూస్తుండగానే అయిపోతుంది. పాత బైనాక్యులర్స్‌లో ఫోకస్ కుదిరేసరికి తల మళ్లీ మామూలుగా ఉండేది. ఇందులో ఆ నీటి చుక్కలు ఎండలో మెరవడం కూడా చూశాను. హుడెడ్ మెర్గాన్సర్ అనే ఇంకో బాతు ఒకచోట మునిగి ఇంకోచోట తేలుతుంది. ఎదురుగా కనిపించే మేర వెడల్పుగా ఉండటంతో దాన్నీ వెంటనే పట్టుకోగలుగుతున్నాను.

నాకు కళ్లజోడు ఉంది. కళ్లు ఆనించే చోట ఉండే ఐకప్స్‌ని తిప్పి కిందికి దించేస్తే జోడు తియ్యకుండానే బొమ్మ మొత్తం కనిపిస్తుంది. కొనేముందు ఐ రిలీఫ్, అంటే అద్దానికి కన్ను ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనిపిస్తుందో ఆ దూరం, ఎంతో చూసుకోండి, నా దానికి 17 మిల్లీమీటర్లు.

లోపాలున్నాయి. చలి మరీ ముదిరితే ఫోకస్ చక్రం బిగుసుకుపోతుంది, గ్లవ్స్‌తో తిప్పడం కష్టం. ఇచ్చిన పట్టీ సన్నంగా ఉండి మెడ కోసుకుపోతుంది, వారంలో మార్చేశాను. ఇంకో మాట, ఇది ఏ బైనాక్యులర్స్‌కైనా వర్తిస్తుంది. కారులో హీటర్ వేసుకుని, కిటికీ దించి చూస్తే పక్షి అలల్లో ఉన్నట్టు ఊగుతుంది. అద్దాలది తప్పు కాదు, లోపలి వేడిగాలి బయటికి పోతూ చేసే పని. హీటర్ ఆపి కాసేపు ఆగండి. ఇంటికొచ్చాక కూడా వెంటనే బయటికి తీయకుండా, గది వేడికి వచ్చేదాకా బ్యాగులోనే మూసి ఉంచండి, చెమ్మ పట్టదు.

ఇక లూన్. 1961 నుంచి మిన్నెసోటా రాష్ట్రపక్షి. నీళ్ల మీద చాలా దూరం పరుగెత్తితేగానీ గాల్లోకి లేవలేదు, అందుకే బాతులు ఇరుక్కునే ఆ చిన్న మడుగు దానికి చాలదు. సరస్సు మంచు విడిచేదాకా ఆగి, విడవగానే వచ్చేస్తుంది. చలికాలమంతా సముద్రం మీద బూడిదరంగులో గడిపిన పక్షి, ఇక్కడికి చేరేసరికి నల్లటి వీపు మీద తెల్లటి గళ్లతో ముస్తాబై ఉంటుంది. పోయిన ఏప్రిల్ నెలాఖరులో ఒకటి ఒడ్డుకి దగ్గరగా వచ్చింది. ఎర్రటి కన్ను, మెడ చుట్టూ తెల్ల గీతల పట్టీ, ముక్కు చివర వేలాడుతున్న నీటి బొట్టు, అన్నీ విడివిడిగా కనిపించాయి. పన్నెండు గంటలు నిలబడి పనిచేసొచ్చిన కాళ్ల నొప్పులు నాకు గుర్తే రాలేదు.

దీనికి 150 డాలర్లు పెట్టాను. ఆ డబ్బుకి ఇంతకంటే నేను అడగను. సరస్సు మధ్యలో చుక్కల్లా కనిపించే బాతులు ఏ జాతివో తేల్చాలనుకుంటే మాత్రం ఇది సరిపోదు, దానికి స్టాండు మీద పెట్టుకునే స్కోప్ కావాలి.