నల్గొండలో పాత ఉర్దూ దస్తావేజులు చదివిపెట్టే సాబ్ దగ్గర మా ముత్తాత కల్లు దుకాణం దొరికింది

ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున నిజాం కాలం కాగితాలు ఉండి, అందులో ఏముందో తెలియక అట్లనే దాచిపెట్టుకున్నవాళ్లు మన జిల్లాలో చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ రివ్యూ. నల్గొండలో దస్తావేజులు రాసేవాళ్ల మధ్య ఒక పెద్దమనిషి కూర్చుంటారు, పాత ఉర్దూ కాగితాలు చదివి తెలుగులో రాసిస్తారు. బోర్డు లేదు. పేరు, నెంబరు ఇక్కడ పెట్టడం ఆయనకు ఇష్టం లేదు కాబట్టి పెట్టడం లేదు, అందరూ సాబ్ అనే పిలుస్తారు.

మా పని ఏందంటే, మా ముత్తాత దేవరకొండ దిక్కు ఒక ఊళ్లో కల్లు దుకాణం నడిపించాడు. మా నాయనమ్మ చిన్నప్పుడు అక్కడ ఆడుకున్నదట. దుకాణం పోయి ఎన్నో ఏండ్లయింది, ఇప్పుడు అది ఎక్కడుండెనో ఊళ్లో తలా ఒక మాట చెప్తారు. బొడ్రాయి దగ్గర అని ఒకరు, చెరువు కట్ట కింద అని ఇంకొకరు. జాగా మీద మాకు ఆశ లేదు, కేసు వేసేది లేదు. నాయనమ్మ బతికుండగా ఆ చోటు చూపించాలని మాత్రం గట్టిగా అనుకున్నాను.

ముందు అందరూ చేసే పనే చేశాను. ఆన్‌లైన్‌లో ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా, 1983 నుంచే వస్తుంది, అది మాకు అక్కరకు రాదు. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల రికార్డు, నకలు తీయించాను, అందులో పొలాలు, పట్టాదార్లు, కబ్జాదార్లు ఉన్నారు గానీ గ్రామకంఠం, అంటే ఊరి ఇండ్ల జాగా, లోపల ఏ ఇల్లు ఎవరిది, ఏ దుకాణం ఎక్కడ అనేది పహాణీలో ఉండదు. కల్లు దుకాణం ఊరి నడుమ ఉండేదే కదా. ఇంకోచోట ఒకాయన దగ్గర మా ఇంటి కాగితాలు చదివిస్తే పేర్లు, తేదీ, పైసలు మాత్రం రాసి ఇచ్చి డబ్బులు తీసుకున్నాడు, మిగతా సగం పేజీలో ఏముందని అడిగితే అదంతా మామూలు రాతే అన్నాడు. అట్లాంటి మామూలు రాతలోనే మాకు కావాల్సింది ఉంటుందని తర్వాత తెలిసింది.

సాబ్ పద్ధతి వేరు. కాగితం చేతికివ్వగానే పెన్ను పట్టరు. కిటికీ పక్కకు జరిగి, మడతల దగ్గర చిరగకుండా కింద అట్ట పెట్టి, భూతద్దంతో మొదటి నుంచి చివరి దాకా ఉర్దూలో పైకి చదువుతారు. అక్షరం అనుమానంగా ఉంటే పెన్సిల్‌తో వేరే కాగితం మీద అదే ఆకారం గీసుకుని, అదే రాతగాడు ఇంకో లైన్లో ఆ అక్షరం ఎట్లా రాశాడో వెతికి పోల్చుకుంటారు. ఆ కాలపు గొలుసుకట్టు రాత, షికస్తా అంటారు, అందులో చుక్కలు సగం పెట్టనే పెట్టరు. పైసలేమో రఖమ్ లెక్కల్లో ఉంటాయి, మనకు తెలిసిన అంకెలు కావవి. ఉర్దూ బాగా వచ్చిన మా దోస్తుకు చూపిస్తే వాడూ చేతులెత్తేశాడు. సాబ్ మాత్రం హాలీ సిక్కా, అంటే నిజాం సర్కారు రూపాయలతో సహా చదివారు.

మొత్తం విన్నాక ఆయన అన్న మాట ఇది: "మీ ముత్తాత పేరు కోసం దేవులాడకు బిడ్డా, పక్కింటోళ్ల కాగితాలు తీస్కరా."

ఎందుకో విడమరిచి చెప్పారు. నిజాం సర్కారులో ఆబ్కారీ అంటే పెద్ద ఆదాయం, దుకాణాలు హర్రాజు పెట్టేవాళ్లు. పెద్ద గుత్తేదారు పాడుకుని ఊళ్లల్లో కిందివాళ్లకు ఇచ్చుకునేవాడు, కాబట్టి సర్కారు కాగితంలో గుత్తేదారు పేరే ఉంటుంది, దినామూ లొట్టి దగ్గర కూర్చుని కల్లు పోసినాయన పేరు ఉండదు. ఇప్పటిలాగా గీత కార్మికుల సంఘాలు అప్పుడు లేవు. కానీ పక్కన ఇల్లు అమ్ముకున్నవాడు నాలుగు హద్దులు రాయక తప్పదు. తూర్పుకు షర్ఖ్, పడమరకు గర్బ్, ఉత్తరానికి షుమాల్, దక్షిణానికి జునూబ్, ఈ నాలుగు మాటలు దగ్గర పెట్టుకుని ఒక్కొక్క దిక్కున ఏం రాశారో చూడాలి.

ఊళ్లో పాత ఇండ్లవాళ్లను బతిమాలుకున్నాం. ఒక ఇంటివాళ్లు భయపడుతూనే వాళ్ల తాత కొన్న ఇంటి కాగితం ఇచ్చారు. దాని మీద తేదీ 1346 ఫస్లీ (నిజాం సర్కారు వాడిన సంవత్సరం లెక్క), అమర్దాద్ నెల. హైదరాబాద్ ఫస్లీకి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలవుతుంది కాబట్టి అమర్దాద్ అంటే మరుసటి ఏడాది జూన్, అంటే ఇది 1937 వానాకాలం మొదట్లో రాసిన కాగితం అని సాబ్ అక్కడికక్కడే లెక్కగట్టారు. గర్బ్ దగ్గరికి వచ్చేసరికి ఆగి మళ్లీ చదివారు. పడమర సేంధీ దుకాణం, అంటే కల్లు దుకాణమే, దాని వెనక ఈత చెట్ల దొడ్డి, షుమాల్ బండ్ల బాట. నాకు ఒళ్లు ఝల్లుమంది, ఎందుకంటే నాయనమ్మ ఈత చెట్ల మాట ఎప్పుడూ చెప్పేది, మేమే పట్టించుకోలేదు.

అదే ఇల్లు తర్వాత తెలుగు దస్తావేజుతో చేతులు మారింది, అందులో పడమర ఎరువుల గోదాం అని ఉంది. అంటే మా దుకాణం ఉన్న చోటే ఆ గోదాం, అది ఇప్పటికీ ఉంది! సర్వే ఆఫీసు నుంచి తీసుకున్న ఊరి నక్షాలో పాత బండ్ల బాట కూడా దాని ముందు నుంచే పోతుంది. ఇప్పటి తారు రోడ్డు వేరే దిక్కు నుంచి వేయడం వల్ల అందరి అంచనాలూ తప్పాయి. బొడ్రాయీ కాదు, చెరువు కట్టా కాదు.

మంచి చెప్పాను, ఇబ్బందులు కూడా చెప్పాలి. పని చాలా నెమ్మది. తొందరపెడితే కాగితం తిరిగి చేతిలో పెట్టేస్తారు. ఫోన్లో ఫొటో పంపితే చదవరు, అసలు కాగితమో మంచి జిరాక్సో తేవాల్సిందే, దూరం ఊళ్లవాళ్లకు ఇది కష్టమే. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోతారు, అప్పుడు రావద్దు. పేజీ లెక్కన తీసుకుంటారు, ముందే రేటు చెప్తారు, చదవలేకపోయిన కాగితానికి పైసలు తీసుకోరు. ఆయన రాసిచ్చింది మన తెలివిడికే, కోర్టుకు కావాలంటే ఆఫీసు నుంచి సర్టిఫైడ్ నకలు తీసుకోవాల్సిందే, ఆ మాట ఆయనే ముందు చెప్తారు.

హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్, అంటే పాత సర్కారు కాగితాలు దాచే ఆఫీసు, ఉంది, మొఘల్ కాలం నుంచి నిజాం సర్కారు దాకా కాగితాలు ఉన్నాయి, పరిశోధన చేసేవాళ్లకు బంగారు గని. కానీ ఊళ్లో ఒక చిన్న దుకాణం జాడ కావాలంటే ముందు ఊళ్లోనే పక్కింటి ట్రంకుపెట్టె తెరిపించండి, తాలూకా, ఫస్లీ చేతిలో పడ్డాక తార్నాక పోండి.

ఐదుకు ఐదు ఇస్తున్నాను. పోయేటప్పుడు ఇంటి పెద్దవాళ్లు చెప్పిన ఆనవాళ్లు, చెట్టూ బాటా బావీ ఏదైనా సరే, ఒక కాగితం మీద రాసుకుని పోండి, సాబ్ మొదట అడిగేది అదే.