ప్రార్థనలో ఏది మేలు: చెప్పుకోవడమా, వినడమా?

మా కాజీపేటలో గురువారం ఉపవాస కూడిక అంటే గట్టిగా ప్రార్థించడమే. చాపల మీద పాతిక మంది మోకరించి ఒక్కసారే గొంతెత్తితే, అవతల రైలు కూత కూడా వినపడదు. నేను పెరిగింది ఆ ప్రార్థనలోనే. పెళ్లయ్యాక మా అత్తమ్మ దగ్గర ఇంకో పద్ధతి చూశాను. తెల్లారి ఐదింటికి బైబిల్ ఒళ్లో పెట్టుకుని, నాలుగు వచనాలు చదివి, కళ్లు మూసుకుని ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. ఒకరోజు నేను ఆమెన్ అని లేవబోతుంటే అన్నది: "చెప్పుడైతే చెప్పినవు బిడ్డా, ఆయన చెప్పేది ఎప్పుడు వింటవు?"

అప్పటినుంచి రెండింటినీ తూకం వేసుకుంటూనే ఉన్నాను.

కష్టంలో ఉన్న మనిషికి చెప్పుకోవడమే మేలు, ఇందులో నాకు సందేహం లేదు. ఆస్పత్రి వరండాలో కూర్చున్నవాళ్లకు మౌనం గురించి చెప్పకూడదు. బైబిల్లో గుడ్డివాడైన బర్తిమయిని జనం ఊరుకోమన్నారు, అతను ఇంకా గట్టిగా కేకలు వేశాడు, యేసు ఆగి పిలిపించాడు. కూడికలో ఇంకో మేలు కూడా ఉంది. మనకు నోట మాట రాని రోజున పక్కనున్న అక్క మన పేరు పెట్టి ప్రార్థిస్తుంది.

కానీ రోజూ అదొక్కటే అయితే చిక్కే. నాన్న పొలం పంపకాల్లో నాకూ తమ్ముడికీ రెండేళ్లు మాటల్లేవు. ఆ రెండేళ్లూ "ప్రభువా, వాడి మనసు మార్చు" అని కన్నీళ్లతో ప్రార్థించాను. అడిగినకొద్దీ తప్పు వాడిదే అన్న నమ్మకం నాలో గట్టిపడింది తప్ప, ఇంకేం జరగలేదు.

ఇక ఏమీ చదవకుండా ఊరికే మౌనంగా కూర్చోవడం. నాకు అది కుదరలేదు. పప్పు నానబెట్టానా, పిల్లల ఫీజు ఎలా అన్న టెన్షన్, కాసేపటికి కునుకు. కుదిరినా ఒక భయం ఉంది: లోపల వినపడింది దేవుని మాటా, మన కోరికా? ఇంకొకరు "ప్రభువు నీకు ఇలా చెప్పమన్నాడు" అని చెప్పేదానికీ ఇదే ప్రశ్న. అపొస్తలుడైన పౌలు ప్రవచనాన్ని నిర్లక్ష్యం చేయొద్దన్నాడు, వెంటనే అన్నిటినీ పరీక్షించమనీ అన్నాడు.

అందుకే నా మొగ్గు అత్తమ్మ పద్ధతికే: వాక్యం తెరిచి పెట్టుకుని వినడం. 12వ శతాబ్దంలో గీగో అనే సన్యాసి దీన్నే నాలుగు మెట్లుగా రాశాడు: చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, ఆపైన దేవుని సన్నిధిలో నిలిచిపోవడం. కథోలికులు ఇప్పటికీ ఆ వరుసనే నేర్పుతారు. అత్తమ్మ ఆ పేరు ఎన్నడూ వినలేదు, చేసింది మాత్రం అదే. నేను పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటాను. పప్పు సంగతి గుర్తొస్తే అందులో రాసేసి మళ్లీ వచనం దగ్గరికి వస్తాను. పదిహేను నిమిషాలు చాలు. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్తకు గాలిలో, భూకంపంలో, అగ్నిలో దొరకనిది నిమ్మళమైన స్వరంలో దొరికింది. ఆ స్వరం ఓదార్పుతో మొదలు పెట్టలేదు, "ఇక్కడ ఏం చేస్తున్నావు?" అని అడిగింది. వినడం మొదలుపెడితే మనకూ ఇలాంటి ప్రశ్నలే ఎదురవుతాయి.

నాకు అది మత్తయి సువార్త ఐదో అధ్యాయంలో ఎదురైంది. అర్పణ అక్కడే విడిచి, ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమనే మాట చిన్నప్పటినుంచీ తెలిసిందే. ఆ రోజు నెమ్మదిగా చదివితే వేరేగా కనపడింది. నీకు అతని మీద కోపం ఉంటే అని కాదు, అతనికి నీ మీద విరోధం ఉందని గుర్తొస్తే అని ఉంది. తమ్ముడికి నా మీద ఏముందో ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నాన్న మంచాన పడ్డ నెలల్లో రాత్రులు మేలుకున్నది వాడు, నేను పండక్కి వచ్చి పోయాను.

ఆ సాయంత్రం ఫోన్ చేశాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. "అక్కా" అన్నాడు, అంతే. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు. పొలం ఇంకా తేలలేదు, కానీ ఇప్పుడు ఆదివారం ఆదివారం వాడే చేస్తున్నాడు.