‘అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ’ టీనేజి పిల్లలకు తగినదేనా?

ఒకే ఆటకు అమెరికాలో ఒక వయసు, యూరప్‌లో మరొక వయసు సూచించినప్పుడు తల్లిదండ్రులు దేనిని నమ్మాలి? నాటీ డాగ్ సంస్థ 2017 ఆగస్టులో ప్లేస్టేషన్ 4 కోసం విడుదల చేసిన ‘అన్‌చార్టెడ్: ది లాస్ట్ లెగసీ’ విషయంలో ఈ ప్రశ్న తప్పదు. అమెరికా రేటింగ్ సంస్థ ఈఎస్‌ఆర్‌బీ దీనికి ‘టీన్’ గుర్తు ఇచ్చింది; అంటే 13 ఏళ్లు దాటినవారు ఆడవచ్చు. యూరప్‌కు చెందిన పెగీ మాత్రం 16 అని నిర్ణయించింది. హింస నిజజీవితంలో జరిగినట్లే కనిపించే దశకు చేరితే పెగీ 16 వేస్తుంది. రక్తం తక్కువగా ఉండి, తిట్లు అరుదుగా వినిపిస్తే అమెరికా సంస్థ ‘టీన్’ పరిధిలోనే ఉంచుతుంది. రెండు కొలతలూ వాటి వాటి లెక్కలో సరైనవే కానీ, ఈ ఆటలో పెద్దలు అసలు ఆలోచించవలసిన విషయాలను రెండూ పూర్తిగా పట్టుకోలేవు.

కథ మన దేశంలోనే జరుగుతుంది. క్లోయీ ఫ్రేజర్ అనే నిధుల వేటగత్తె, ఒకప్పుడు కిరాయి సైన్యాన్ని నడిపిన నడీన్ రాస్‌ను వెంటబెట్టుకుని, హొయ్సళుల కాలం నాటిదని చెప్పే గణేశుడి దంతం కోసం పశ్చిమ కనుమలలోకి వెళుతుంది. క్లోయీ తండ్రి భారతీయుడు, పురావస్తు పరిశోధకుడు. అదే దంతం కోసం వెతుకుతున్న అసవ్ అనే తిరుగుబాటు నాయకుడు వారికి ప్రత్యర్థి. శిథిలమైన కోటల గోడలు ఎక్కడం, జీపులో బురద దారులు దాటడం, నీడలను సరిచేసి గోడమీది బొమ్మను పూర్తి చేసే చిక్కుముడులు విప్పడం, మధ్యమధ్య తుపాకి పోరాటాలు: ఆట అంతా ఇదే. ఎనిమిది, తొమ్మిది గంటలలో ముగుస్తుంది కనుక, నెలల తరబడి పిల్లలను కట్టిపడేసే ఆటలతో పోలిస్తే ఇది పరీక్షల కాలానికి పెద్ద శత్రువు కాదు.

హింస సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. పొడుగాటి గడ్డిలో నక్కి, కాపలా కాస్తున్నవాడు అటు తిరిగే వరకు ఆగి, వెనుక నుంచి పట్టుకుని చప్పుడు కాకుండా చంపడం ఈ ఆటలో పదే పదే చేసే పని. అవయవాలు తెగిపడవు, నెత్తురు ఏరులై పారదు, శవాల మీద కెమెరా నిలవదు. చూడలేని దృశ్యమంటూ దాదాపు ఏదీ లేదని చెప్పవచ్చు. కానీ అలా చనిపోయేవారు డజన్ల కొద్దీ ఉంటారు, వారిలో ఒక్కరికీ పేరు ఉండదు, వాడు కూలిన మరుక్షణమే నాయికలిద్దరూ ఏదో చమత్కారం విసురుకుని ముందుకు సాగిపోతారు. నన్ను ఆలోచింపజేసింది రక్తం కంటే ఈ తేలికదనమే. పదహారేళ్ల కుర్రవాడు దీనిని సినిమా ఫైట్‌గా తీసుకుని పక్కన పెట్టగలడు. పదకొండేళ్లవాడికి ఆ దూరం ఇంకా అలవడి ఉండదు. అసవ్‌తో చేతులతో తలపడే ఘట్టాలు తుపాకి పోరాటాల కంటే కటువుగా ఉంటాయి. ఒంటి మీద పడే ప్రతి దెబ్బా తెలుస్తుంది.

అంతర్యుద్ధపు నేపథ్యం కూడా చిన్నది కాదు. ఆట మొదట్లోనే, పోరు సాగుతున్న పట్టణపు సంతలో మీనూ అనే చిన్నపిల్ల క్లోయీకి తారసపడుతుంది. చివర జనం నిండిన నగరం వైపు బాంబుతో పోయే రైలును ఆపడమే లక్ష్యమవుతుంది. చెప్పిన తీరు మర్యాదగానే ఉన్నా, ఇలాంటి వార్తలు చూసి బెదిరే పిల్లలకు ఇది భారమే.

ఇక మన పిల్లల వరకు వస్తే ఈ ఆటకు మరో ముఖం ఉంది. విదేశీ ఆట ఒకటి మన పురాణాన్ని ఇంత శ్రద్ధగా చెప్పడం అరుదు. అది తన తండ్రి శివుడు ఇచ్చిన గొడ్డలి అని గుర్తించి, పరశురాముడి వేటును వినాయకుడు తన దంతం మీద కాచుకున్న కథను క్లోయీ నడీన్‌కు వివరిస్తుంది. భారతం రాయడానికి దంతం విరిచాడన్న కథ విని పెరిగిన పిల్లలు ఇక్కడ తప్పక ఏదో ఒకటి అడుగుతారు. అడగనివ్వండి. చరిత్ర విషయంలో మాత్రం ఆటను పాఠంగా తీసుకోకూడదు. బేలూరు, హళేబీడు పేర్లు ఇందులో వినిపిస్తాయి కానీ, జలపాతాల నడుమ కొండంత విగ్రహాలు, తొక్కితే కదిలే రాతి యంత్రాలు అన్నీ కల్పన. అసలు ఊళ్లు కర్ణాటకలోని హాసన్ జిల్లాలో ఉన్నాయి. మన కాకతీయులకు సమకాలికులైన హొయ్సళులు అక్కడ మెత్తటి సబ్బురాతిలో, నక్షత్రాకారపు అరుగుల మీద కట్టించిన ఆలయాలు 2023లో సోమనాథపురం ఆలయంతో కలిసి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. ఆ గుళ్ల నిజమైన గొప్పతనం శిల్పపు సూక్ష్మతలో ఉంది, ఎత్తులో కాదు. దేశపు పురాతన సంపదను ఎవరికి దొరికితే వారు ఎత్తుకుపోవచ్చా అన్న ప్రశ్నను కథ పైపైనే తడిమి వదిలేయడం నాకు నచ్చలేదు.

తిట్లు ఇంగ్లీషులో ఉంటాయి, మరీ ఎక్కువ కాదు. కాలేజీ పిల్లలు రోజూ వినేవే. నాయికలిద్దరినీ అలంకారపు బొమ్మలుగా చూపలేదు. ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోవడం, దాచిన నిజం బయటపడినప్పుడు తగవు, తరువాత నెమ్మదిగా కుదిరే స్నేహం చక్కగా రాశారు. ఆడపిల్లలున్న ఇంట్లో ఇది చిన్న లాభం కాదు.

పద్నాలుగు నిండినవారికి నేను సంకోచం లేకుండా ఇస్తాను. పన్నెండు, పదమూడేళ్లవారైతే పెద్దలు పక్కన కూర్చుని, పోరాటాలు సులభంగా ముగిసే ‘ఎక్స్‌ప్లోరర్’ స్థాయిలో ఆడించవచ్చు. అంతకంటే చిన్నవారికి వద్దు. కొనేటప్పుడు ఏ రూపమన్నది కూడా చూసుకోవాలి: ప్లేస్టేషన్ 4 రూపంలో అపరిచితులతో ఆడే ఆన్‌లైన్ విభాగం, అందులో డబ్బు పెట్టి కొనే వస్తువులు ఉన్నాయి, 2022లో ప్లేస్టేషన్ 5కు, తరువాత కంప్యూటర్‌కు వచ్చిన ‘లెగసీ ఆఫ్ థీవ్స్ కలెక్షన్’లో ఆ విభాగాన్ని తీసివేశారు కాబట్టి, టీనేజి పిల్లలున్న ఇంటికి అదే మేలు.