డిజిలాకర్: అన్నీ బాగున్నాయి, ఇంటిపేరు దగ్గరే తంటా

ఖాతా ఎలా తెరవాలి, పిన్ ఎలా పెట్టుకోవాలి లాంటివి వదిలేస్తున్నాను. సర్కారీ పత్రాలను ఫోన్‌లో దాచుకోవడానికి 2015 నుంచి ఉన్న ప్రభుత్వ యాప్, అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి వాడాక నా ఫిర్యాదు ఒక్కటే: తెలుగువాళ్ళ పేర్లంటే దీనికి పడదు.

శాఖల నుంచి నేరుగా వచ్చే పత్రాలుండే ఇష్యూడ్ డాక్యుమెంట్స్‌లోకి పత్రం తెచ్చుకునేటప్పుడు పేరు, పుట్టిన తేదీ ఆధార్ నుంచి వచ్చి కూర్చుంటాయి. మనం దిద్దడానికి లేదు. మన వంతు పాన్ నంబరో, హాల్‌టికెట్ నంబరూ పాసైన సంవత్సరమో కొట్టడమే. ఆ వివరాలు పత్రం ఇచ్చిన శాఖ సర్వర్‌కు వెళ్తాయి, అక్కడి రికార్డుతో సరిపోతేనే పత్రం వస్తుంది. ఇప్పుడు మన పేర్లు చూడండి. ఆధార్‌లో 'కె వెంకట రమణ'. పదో తరగతి మెమోలో 'కొండా వెంకటరమణ'. పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకు విడిగా గడి ఉంటుంది, అందులో పొడి అక్షరం ఒప్పుకోరు. కార్డు మీదికి వచ్చేసరికి అది 'వెంకట రమణ కొండా' అవుతుంది. మనిషి ఒక్కడే, సర్వర్‌కి ముగ్గురు. పెళ్ళయ్యాక ఆధార్‌లో అత్తింటిపేరు పెట్టించుకున్న ఆడవాళ్ళకైతే మెమో దగ్గర ఆగిపోవడం దాదాపు ఖాయం. కొన్ని శాఖలు చిన్న తేడాల్ని చూసీచూడనట్టు పోనిస్తాయి, కొన్ని 'వెంకట'కీ 'రమణ'కీ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నదగ్గర కూడా పట్టుబడతాయి.

దిద్దుకోవాలంటే వరస ముఖ్యం. మెమోలో పేరు మార్పించడం అన్నిటికన్నా కష్టం కాబట్టి దాన్నే ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్, ఆ తర్వాత పాన్ మార్చుకోవాలి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీకి ఒక్కసారే. అందుకని రసీదు చేతికి రాగానే ఇంగ్లిష్ స్పెల్లింగ్ అక్షరం అక్షరం చదువుకోండి. మార్పు అయ్యాక డిజిలాకర్‌లో ప్రొఫైల్‌ను తాజా చేసుకోకపోతే పాత పేరే వెళ్ళి మళ్ళీ పాత కథే.

సర్కారు చేసిన మంచి పని చట్టం వైపు జరిగింది. 2016 నాటి డిజిటల్ లాకర్ నిబంధనలను 2017లో సవరించి, ఇలా నేరుగా వచ్చిన పత్రాలు అసలు పత్రాలతో సమానమన్నారు. 2018 తర్వాత బండి కాగితాలూ ఫోన్‌లో చూపిస్తే చెల్లుతాయి. అది లేకపోతే ఇది ఇంకో ఫొటోల ఫోల్డరే. కానీ మనం స్కాన్ చేసి ఎక్కించుకున్న వాటికి ఆ హోదా లేదు; 1 జీబీ జాగా ఇచ్చారు కదా అని నింపుకుంటే అవి ఉత్త బొమ్మలే. పేర్లు రాసే పద్ధతి మాత్రం శాఖకొకటిగా వదిలేశారు. కొత్త కుళాయి బిగించారు, ట్యాంకు కడగలేదు.

ఇంకో చిన్న చికాకు. దించుకున్న పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో అడోబీ రీడర్‌తో తెరిస్తే డిజిటల్ సంతకం మీద పసుపు ప్రశ్నార్థకం కనబడుతుంది. పత్రం దొంగది కాదు, ఆ సంతకం వెనకున్న మన దేశపు డిజిటల్ సర్టిఫికెట్‌ను ఆ సాఫ్ట్‌వేర్ గుర్తుపట్టలేదంతే. సంతకం మీద రైట్ క్లిక్ చేసి సిగ్నేచర్ ప్రాపర్టీస్, అందులో షో సైనర్స్ సర్టిఫికెట్, ట్రస్ట్ ట్యాబ్‌లో యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్ నొక్కి, చివర్లో వ్యాలిడేట్ చేస్తే ఆకుపచ్చ టిక్కు వస్తుంది. రెండు మూడు పత్రాల్ని ఒకే పీడీఎఫ్‌గా కలిపినా, 'ప్రింట్ టు పీడీఎఫ్' కొట్టినా ఆ సంతకం పోతుంది. వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ కాకుండా ఫైలునే డాక్యుమెంట్‌గా పంపాలి.

మా ఇంట్లో పేర్లన్నీ ఇప్పుడు ఒక దారికొచ్చాయి, ఆధార్‌కు ముడిపెట్టిన నంబర్లన్నీ పనిచేస్తున్నవే. ఆ లెక్కన నా మార్కులు ఐదుకి నాలుగు. ఓటీపీ వచ్చే నంబరు ఎప్పుడో పోయినవాళ్ళకీ, రెండు ఇంటిపేర్ల మధ్య నలిగేవాళ్ళకీ రెండు కూడా ఎక్కువేమో. కాలేజీ సీటు కౌన్సెలింగ్‌కి మాత్రం ఒరిజినల్స్ ఫైలు పట్టుకునే వెళ్ళండి.