బెంగళూరులో హొరమావు వైపు ఇల్లు చూస్తున్నారా? ‘నిల్ ఈసీ’ చూసి మురిసిపోకండి

మొన్న ఆఫీసులో ఒకతను గ్రూపులో ఒక ఇంటి ఫొటో పెట్టి, "ఆదివారం చూడ్డానికి వెళ్తున్నాం, ఈ ఏరియా ఎవరికైనా తెలుసా?" అని అడిగాడు. నీలం గేటు, గేటు పక్కన పనస చెట్టు. చూడగానే గుండె ఝల్లుమంది. పోయినేడు 15 లక్షలు అడ్వాన్సు ఇచ్చి నేను ఇరుక్కున్న ఇల్లే అది. ప్రకటనలో మళ్లీ అదే మాట, ‘క్లియర్ టైటిల్’. అతనికి ఫోన్ చేసి చెప్పాను. మిగతావాళ్లకీ తెలియాలని ఇది రాస్తున్నాను.

మాది నెల్లూరు. బెంగళూరు వచ్చి పదకొండేళ్లు, రామ్మూర్తి నగర్‌లో అద్దెకుంటున్నాం. 2025 జనవరిలో ఒక బ్రోకరు ముప్పై-నలభై అడుగుల సైటులో కట్టిన ఇల్లు చూపించాడు. కోటీ ముప్పై అయిదు లక్షలు. ఏ-ఖాతా (ఆస్తి పన్ను కోసం నగరపాలక సంస్థ ఉంచే రికార్డు), దాని డిజిటల్ రూపం ఈ-ఖాతా కూడా వచ్చేసింది. "మన తెలుగోళ్లే సార్, ఇంట్లో తెలుగే మాట్లాడతారు" అన్నాడు. అది నిజమే, ఈ చుట్టుపక్కల పాత ఊళ్లలో చాలా కుటుంబాలు ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. ఆ మాటతోనే నా జాగ్రత్త సగం ఎగిరిపోయింది. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను.

సైటు 1996లో తండ్రి తన డబ్బుతో కొన్నది. ఆయన 2019లో పోయారు, వీలునామా లేదు. కొడుకు డెత్ సర్టిఫికెట్టు, వంశవృక్షం పెట్టి ఖాతా తన పేరు మీదకి మార్పించుకున్నాడు. అమ్ముతున్నది ఆ కొడుకే.

లాయరును కూడా బ్రోకరే చూపించాడు. 8 వేలు ఫీజు, మూడు రోజుల్లో నాలుగు పేజీల లీగల్ ఒపీనియన్. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) కూడా తీయించాం. కర్ణాటక రిజిస్ట్రేషన్ల పోర్టల్ కావేరిలో ఆన్‌లైన్‌గా వచ్చేది 2004 ఏప్రిల్ 1 నుంచే, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విడిగా అర్జీ పెట్టుకోవాలి. మాకు వచ్చింది ఫారం 16. అంటే ఆ కాలంలో ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీ ఒక్కటీ లేదని. దాన్నే నిల్ ఈసీ అంటారు. నేనైతే మొదటి ర్యాంకు మార్కుల షీటులా దాన్ని ఇంట్లో అందరికీ చూపించాను. ఫిబ్రవరిలో 500 రూపాయల స్టాంపు కాగితం మీద అగ్రిమెంటు రాసుకున్నాం, రిజిస్టర్ చేయించలేదు. 15 లక్షలు ఆన్‌లైన్‌లో పంపాను. తల్లి చేత సాక్షి సంతకం పెట్టించారు.

పది రోజుల తర్వాత కొలతలు తీసుకుందామని మళ్లీ వెళ్లాం. నేను టేపు పట్టుకుని వంటింట్లో ఉన్నాను. మా ఆవిడ హాల్లో కూర్చుని ఆ పెద్దావిడ ఇచ్చిన కాఫీ తాగుతోంది. గోడ మీద దండ వేసిన తండ్రి ఫొటో, దాని పక్కన ఒక పెళ్లి ఫొటో. "ఈ అమ్మాయి ఎవరమ్మా?" అని అడిగింది. "మా అమ్మాయి, వీడికన్నా పెద్దది. తుమకూరుకు ఇచ్చినాం" అంది ఆవిడ, ఏ దాపరికం లేకుండా.

ఇంటికొచ్చాక మా ఆవిడ అడిగిన ప్రశ్న: "ఏమండీ, ఆ వంశవృక్షంలో కూతురుందా?"

తీసి చూశాను. తండ్రి, తల్లి, ఒక కొడుకు. అంతే.

బ్రోకరుకు ఫోన్ చేస్తే నవ్వాడు. "ఆమెకు పెళ్లప్పుడే అంతా ఇచ్చేశారు సార్, ఆమెకేం వాటా ఉంటుంది?" పెళ్లికి ఎంత పెట్టినా, ఎన్ని సవర్ల బంగారం పెట్టినా అది వాటా కింద లెక్కలోకి రాదు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుక్కీ, కూతురికీ సమాన వాటాలు. అంటే మూడో వంతు ఆమెది, ఇంకో మూడో వంతు తల్లిది. నాకు అమ్ముతున్న పెద్దమనిషికి ఉన్నది ఒక్క వంతే. పిత్రార్జితమైతే లెక్క వేరు, అక్కడా 2005 సవరణ తర్వాత కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉంది. ఆడపిల్లలకు ఆస్తి హక్కు మన రామారావు గారు 1986లోనే ఇచ్చారని గొప్పగా చెప్పుకునేవాణ్ణి నేను. తీరా నా దగ్గరికొచ్చేసరికి ఆ ఊసే గుర్తురాలేదు.

మరుసటి రోజు అమ్మేవాళ్లు ఒక కాగితం వాట్సాప్‌లో పంపారు. 100 రూపాయల స్టాంపు, నోటరీ ముద్ర, "నాకు వాటా వద్దు" అని అమ్మేవాడి అక్క సంతకం. నిజం సంతకమో కాదో నాకు తెలియదు. నిజమైనదే అయినా ఉపయోగం లేదు. ఇంటి మీద హక్కు వదులుకునే కాగితం రిజిస్టర్ కావాలి. ఇక్కడ దాన్నే హక్కు బిడుగడె పత్రం అంటారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ అక్క నిజంగానే రిజిస్టర్డ్ కాగితం రాసిచ్చి ఉంటే ఈసీలో ఒక ఎంట్రీ కనపడాలి కదా! మాకొచ్చింది నిల్. నేను మురిసిపోతూ అందరికీ చూపించిన ఆ నిల్ ఈసీయే, ఆమె వాటా ఇంకా ఆ ఇంట్లోనే ఉందని చెబుతోంది. వారసత్వంగా వచ్చిన ఆస్తిలో తండ్రి పోయిన తర్వాతి కాలానికి ఈసీ ఖాళీగా ఉంటే సంతోషపడకండి, ఎందుకు ఖాళీగా ఉందో అడగండి.

ఆ ఇంటి మీద కోర్టు కేసు ఉందన్న సంగతి మా బావ వల్ల బయటపడింది. ఆయన లాయరేమీ కాదు, గుంటూరులో మెడికల్ షాపు. కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ వెబ్‌సైటులో పార్టీ పేరు మీద వెతకమన్నాడు. బెంగళూరు సిటీ సివిల్ కోర్టు ఎంచుకుని, ఒక్కో సంవత్సరం మార్చుకుంటూ వెతికాను. పేరు స్పెల్లింగు మూడు రకాలుగా కొట్టాక దొరికింది: 2023లో అక్క వేసిన పార్టిషన్ (ఆస్తి పంపకం) దావా. అదే కోర్టుకు మేయో హాల్‌లో ఉన్న కాంప్లెక్సు కూడా విడిగా చూడాలి. కోర్టు కేసులు ఈసీలో రావు. దావా నడుస్తుండగా కొన్నవాడు తనకేమీ తెలియదన్నా కుదరదు, ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ప్రకారం తీర్పు కొన్నవాడికీ వర్తిస్తుంది.

లాయరు దగ్గరికి వెళ్లాను. ఆయన తొణకలేదు. ఒపీనియన్ నాలుగో పేజీ తిప్పి చివరి పేరా మీద వేలు పెట్టాడు. ఇతర వారసులు ఎవరైనా ఉంటే వాళ్ల రిజిస్టర్డ్ రిలీజ్ డీడు (హక్కు వదులుకునే పత్రం) తీసుకోవాలి అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం. "నేను రాశానే సార్" అన్నాడు. రాశాడు, నిజమే. ఎవరైనా ఉన్నారా అని ఒక్క ఫోన్ మాత్రం చేయలేదు. ఇల్లు అమ్ముడైతేనే కమిషన్ వచ్చే మనిషి తెచ్చిన లాయరు అంతకంటే ఏం చేస్తాడు?

బ్యాంకు శాంక్షన్ లెటర్ ఉంది కదా అని ధైర్యపడ్డవాణ్ణి కూడా నేనే. అది నా జీతం చూసి ఇచ్చింది. ఇంటి కాగితాలు వాళ్ల లాయరు చూసేది డబ్బు విడుదల చేసే ముందు. ఈ-ఖాతా కూడా అంతే. 2024 అక్టోబరు నుంచి అది లేనిదే రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి పెద్ద పత్రంలా అనిపిస్తుంది, కానీ ఖాతా పన్నుల లెక్క కోసం. యాజమాన్యానికి రుజువు కాదు.

చివరికి అమ్మేవాళ్లు ఇచ్చిన సలహా ఇంకా ఘోరం: "ఇప్పటికి జీపీఏ రాసిస్తాం, కేసు తేలాక సేల్ డీడు." జీపీఏ అంటే తన తరఫున వ్యవహారాలు చేసేందుకు ఇచ్చే అధికార పత్రమే, దానితో యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చేసింది. దండం పెట్టి వచ్చేశాను.

డబ్బు తిరిగి రాబట్టుకోవడం వేరే భాగోతం. కొనేవాడు వెనక్కి తగ్గితే అడ్వాన్సు పోతుందని అగ్రిమెంటులో ఉంది, టైటిల్‌లో లోపం తేలితే తిరిగివ్వాలన్న మాట లేదు. లీగల్ నోటీసు పంపితే, నువ్వే వెనక్కి తగ్గావు అని జవాబు. ఎనిమిది నెలల్లో మూడు విడతలుగా 11 లక్షలు వచ్చాయి. 4 లక్షలు ఇంకా రావాలి. ఈలోగా 2025 ఆగస్టు 31 నుంచి కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం నుంచి 2 శాతమైంది. నవంబరులో వేరే ఇల్లు కొన్నప్పుడు ఆ ఒక్క శాతం కూడా అదనంగా కట్టాను.

ఆ రెండో ఇంటికి లాయరును నేనే వెతుక్కున్నాను. 25 వేలు తీసుకుంది, మూడు వారాలు పట్టింది. 2004కి ముందు ఈసీ తెప్పించింది, మదర్ డీడు (ఆస్తి మూలపత్రం) ఒరిజినల్ చూసింది, కోర్టుల్లో వెతికింది, ఒక కన్నడ పేపర్లో, ఒక ఇంగ్లీషు పేపర్లో పబ్లిక్ నోటీసు వేయించింది. తాకట్టు ఏమైనా ఉందేమోనని తాకట్టుల వివరాలుండే రిజిస్ట్రీ సెర్సాయ్‌లో కూడా చూసింది. అమ్మేవాళ్ల ఇద్దరు కూతుళ్లూ వచ్చి సేల్ డీడు మీద సంతకం పెట్టారు, సాక్షులుగా కాదు, అమ్మేవాళ్లుగా.

మీకెవరైనా హొరమావు వైపు నీలం గేటు, పనస చెట్టు ఉన్న ఇల్లు చూపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, కేసు నంబరు పంపిస్తాను. గేటుకు రంగు మార్చేసి ఉండొచ్చు. చెట్టు మాత్రం పెద్దదే, గుర్తుపట్టేయొచ్చు.